ముద్దకీ ముద్దకీ మధ్య

వదినకు మధ్యాహ్నం భోజనం పెట్టడం మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి టీ వేళ దగ్గరపడేది.

అన్నం, కూర మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, జల్లెడ పట్టి, చెంచా వంచితే జారీ జారకుండా ఉండేంత చిక్కగా కలిపేది మరదలు, వదిన తమ్ముడి భార్య. పలచనైతే పొలమారుతుంది. గట్టిపడితే గొంతులో అడ్డం పడుతుంది. చెంచాలో సగమే తీసుకుని నోటికందించి, "గడ్డం కిందికి దించండి వదినా. ఆఁ, ఇప్పుడు మింగండి" అనేది. వదిన కళ్లు మూసుకుని, మెడ నరాలు పైకి తేలేలా బిగబట్టి మింగేది. ఒక్కోసారి దిగేది. ఒక్కోసారి దిగినట్టే ఉండి, పెదవి మూల నుంచి మళ్లీ బయటికొచ్చేది. తువ్వాలుతో తుడవాలి, ఊపిరి తీసుకోనివ్వాలి, మళ్లీ చెంచా ఎత్తాలి. ముద్దకీ ముద్దకీ మధ్య మరదలు కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చునేది. అవి ఆరి, ఎదురింటావిడ వచ్చి మడతపెట్టుకుని పోయేసరికి కూడా గిన్నె సగమే ఖాళీ అయ్యేది.

అంతా అయ్యాక తన భోజనం. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉండేది. పొయ్యి పక్కన నిలబడే ఏదో కాస్త నోట్లో వేసుకుని, రాత్రికి మెత్తగా ఏం చేయాలా అని ఆలోచించేది.

వదిన ఇలా ఒకరి చేత తినిపించుకునే మనిషి కాదు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పింది. పక్క సీట్లో కూర్చుని ఆవిడ "బ్రేక్" అని అరిస్తే కారులో వాళ్లే కాదు, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లని తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు. మరదలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడే పట్టుబట్టి కారు నేర్పింది. మొదటి పాఠంలోనే మరదలు బండిని తీసుకెళ్లి ఇంటి గేటుకు గుద్దింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు గేటు. "గేటూ, కాస్త మంచినీళ్లు", "గేటూ, ఆ టీవీ తగ్గించు." మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తేనే ఎవర్నో పిలుస్తున్నారనిపించేది.

జబ్బు నాలుకతో మొదలైంది. మాట ముద్దగా రావడం మొదలుపెట్టింది. కారు నేర్చుకునేవాళ్లెవరో, ఆవిడ పొద్దున్నే తాగి వస్తోందని స్కూలు యజమానికి ఫిర్యాదు చేశారు. చుక్క ముట్టని మనిషి. ఆ మాట పడ్డాకే ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్లింది. కండరాలకు ఆజ్ఞలు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతున్నాయనీ, దీనికి మందు లేదనీ, బుర్ర మాత్రం చివరిదాకా చెక్కుచెదరదనీ నరాల డాక్టర్ చెప్పింది. బుర్ర సంగతి శుభవార్తలా చెప్పిందే గానీ, వినేవాళ్లకు అది శుభవార్తో కాదో తెలియలేదు.

ఇప్పుడు మాట పూర్తిగా పోయింది. చేతులు ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టి ఫోన్లో టైపు చేస్తే అది పైకి చదివేది. రైల్వే స్టేషన్లో రైలు ఆలస్యం గురించి చెప్పే గొంతు లాంటిదే అదీ. వదిన ఎంత కోపంగా తిట్టినా, ఆ ఫోనమ్మ ఎంతో మర్యాదగా చదివి వినిపించేది. పైగా టైపు చేయడానికి టైము పట్టేది కాబట్టి, ఆవిడ వేసిన చురక అందరూ వేరే విషయం మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చి తగిలేది.

పొట్టకు చిన్న రంధ్రం చేసి, నేరుగా కడుపులోకి ఆహారం వెళ్లే ట్యూబు పెట్టించుకోమని ఆ డాక్టర్ ఎప్పుడో చెప్పింది. తమ్ముడు ఒప్పుకోలేదు. అతను నీటి సరఫరా శాఖలో పైపులైన్లు బాగుచేసే మేస్త్రీ.

"పైపు సంగతి నాకు తెలుసండీ. వేసిన ప్రతి పైపూ ఎప్పుడో ఒకప్పుడు పూడుకుంటుంది, లేకపోతే కారుతుంది" అన్నాడు డాక్టర్‌తో. ఇంటికొచ్చాక భార్యతో అసలు మాట చెప్పాడు. "పొట్టలో పైపు పెట్టి పోశాక ఇంక మనిషి ఏం మిగుల్తుందే? నీ చేత్తో తింటోంది కాబట్టే అక్క ఇంకా ఇలా నిలబడింది. నీ ఓపికకు దండం పెట్టాలి."

ఆ మెచ్చుకోలు మరదలి మెడకు చుట్టుకుంది. చుట్టాలెవరు ఫోన్ చేసినా అతను అదే చెప్పేవాడు. గంటలు గంటలు కూర్చుని పెడుతుందనీ, ఒక్కసారి కూడా మొహం చిట్లించదనీ. ఇంత పేరొచ్చాక ట్యూబు వేయిద్దామని ఆమె నోటితో ఎలా అంటుంది? చాకిరీ తప్పించుకోవాలని చూస్తోందంటారు. ఎవరూ అనకపోయినా తనకు తానే అనుకుంటుంది. ఎందుకంటే అందులో కొంత నిజముంది. కర్టెన్లు కుట్టే షాపులో పనికి సెలవు పెట్టి చాలా నెలలైంది. ఇంకా ఎన్నాళ్లని షాపు ఓనరమ్మ అడిగినప్పుడు లోపల భయపడి, "చూడాలండీ" అని ఊరుకునేది. ఎన్నాళ్లంటే ఏమని లెక్క చెబుతుంది? ఎవరి ప్రాణం మీద లెక్క?

ఈలోగా వదిన చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. తిన్న దానికన్నా తినడానికి పడ్డ ఆయాసమే ఎక్కువయ్యేది.

ఒక సెలవురోజు తమ్ముడు చెంచా తీసుకున్నాడు. "ఇవాళ నువ్వు పడుకో. అక్కకు నేను పెడతా" అన్నాడు. మరదలు పక్కగదిలో నడుం వాల్చింది. నిద్రపోలేదు. చెవులు అక్కడే ఉన్నాయి. అతను తినిపిస్తూ ఆఫీసు కబుర్లు చెబుతున్నాడు. కొత్త ఇంజినీరు ఒకాయన పగిలిన పైపును పరీక్షించడానికి వంగి, పైకి చిమ్మిన నీళ్లకు కళ్లజోడు పోగొట్టుకున్నాడట. జోడు లేకుండానే రిపోర్టు రాశాడట, పైపు బాగానే ఉందని.

వదిన నవ్వింది. నవ్వినప్పుడు ముద్ద నోట్లో ఉంది.

దగ్గు కూడా రాలేదు. అదే భయపెట్టింది. మాటల మధ్యలో తమ్ముడి గొంతు ఆగిపోయి, "అక్కా, అక్కా" అనడం విని మరదలు పరుగెత్తుకొచ్చింది. వదిన మొహం నల్లబడుతోంది. మరదలు ఆవిడను ముందుకు వంచి, డాక్టర్ నేర్పినట్టు వీపు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. మళ్లీ కొట్టింది. చివరికి ముద్ద పడింది, ఊపిరి ఈల వేసినట్టు లోపలికి పోయింది. తమ్ముడు చెంచా ఇంకా అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆసుపత్రికి మరదలే కారు నడిపింది. అతను ఇంకా ఆ చెంచాతోనే వెనక సీట్లో కూర్చున్నాడు. పక్క సీట్లో వదిన, ఊపిరి సరిగా అందకపోయినా, ప్రతి మలుపు దగ్గరా లేని బ్రేకును కాలితో నొక్కుతూనే ఉంది.

ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి నెమ్ము చేసిందన్నారు. వార్డులో ఉన్నన్నాళ్లూ ముక్కులోంచి సన్నటి ట్యూబు వేసి, దాన్లోంచే ఆహారం ఇచ్చారు. అది ముక్కునూ గొంతునూ ఒరుసుకుంటుందని వదిన పదేపదే దాన్ని తడుముకునేది. అయినా కడుపు నిండాక నిద్రపోయేది. ఎన్నాళ్లకో మరదలు ఆవిడ అంత గాఢంగా నిద్రపోవడం చూసింది. పక్కన ఇనప కుర్చీలో కూర్చుని, చేతిలో చెంచా లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

జ్వరం తగ్గాక నరాల డాక్టర్ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడకీ ఆ రోజు చాలా పని ఉన్నట్టుంది, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

"ఇంక వాయిదా వేయలేం. ముక్కు ట్యూబు కొద్దిరోజులకే. పొట్టకు పెట్టేదైతే సౌకర్యంగా ఉంటుంది. కానీ దానికి మత్తు ఇవ్వాలి, ఊపిరిలో బలం ఉండాలి. ఇవాళ ఉన్న బలం కొన్నాళ్లు పోతే ఉండదు. అప్పుడు మీరు కావాలన్నా నేను పెట్టలేను."

"పెడితే జబ్బు ఆగుతుందా?" అన్నాడు తమ్ముడు.

"ఆగదు. ఆకలితో నీరసించిపోకుండా ఉంటుంది. తినడానికి పడే యాతన తప్పుతుంది. అంతే."

"అంతేనా? మరైతే ఎందుకండీ ఈ కోతలు? మా ఆవిడ పెడుతుంది. ఎంతసేపైనా విసుక్కోదు. ఈసారి పొరపాటు నాది, నవ్వించాను."

మరదలు నేలకేసి చూసింది. డాక్టర్ అతన్ని వదిలేసి వదిన వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా? తినేది మీరు కదా."

వదిన ఫోను అందుకుంది. టైపు చేయడం మొదలుపెట్టింది. చాలాసేపు చేసింది. పక్క మంచం వాళ్లకు మందులిచ్చి నర్సు వెళ్లిపోయింది. డాక్టర్ వాచీ చూసుకోలేదు. చివరికి ఆ స్టేషన్ గొంతు, ఎక్కడా ఆగకుండా, చదివింది.

"ఒరేయ్ తమ్ముడూ మీ ఆవిడ విసుక్కోదు నేను విసుక్కుంటున్నాను. నాకు తిండంటే భయం వేస్తోంది. చెంచా కనబడితే గుండె దడ. రుచి తెలిసి చాలా రోజులైంది మింగాలన్న ధ్యాసే తప్ప. గేటు పాపం పొద్దున్నే లేచి అన్నీ రుబ్బి జల్లెడ పట్టి తెస్తుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని తింటున్నాను. మీ ఇద్దరి ముచ్చట కోసం ఇంక నేను తినలేను. ట్యూబు పెట్టించండి."

తమ్ముడు లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

మరదలికి ముందు కోపం వచ్చింది. ఆమె ఊహించుకున్నట్టు మనసేమీ తేలికపడలేదు. అన్ని మధ్యాహ్నాలు. ఎదురింటి డాబా మీద ఏ చీర ఏ రోజు ఆరిందో చెప్పగలిగినన్ని మధ్యాహ్నాలు. తన కోసమట. తను ఎవరి కోసం కూర్చుందనుకుంది? మెల్లగా అడిగింది.

"ముందే చెప్పొచ్చు కదా వదినా."

వదిన ఆమె వైపు తేరిపార చూసి, ఈసారి రెండే మాటలు టైపు చేసింది.

"నువ్వూ చెప్పలేదు."

డాక్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరదలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వదిన తన తువ్వాలే ఆమెకు అందించింది, సగం తడిసి ఉన్నదే.

తమ్ముణ్ణి ఒప్పించడం ఇంకా మిగిలే ఉంది. డాక్టర్ వరండాలోకి వెళ్లి, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నోట్లోంచి దీపం ఉన్న సన్నటి గొట్టాన్ని కడుపులోకి దించుతారు. ఆ వెలుగు పొట్ట చర్మం మీద బయటికి కనబడుతుంది. సరిగ్గా అక్కడ చిన్న గాటు పెట్టి, ట్యూబును లోపలి నుంచి బయటికి లాగుతారు. అతను బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ కన్నం దగ్గర కారదా?"

"లోపల ఒక బిళ్ల, బయట ఒక బిళ్ల ఉంటాయి. రెండూ ఆనుకుని ఉంటాయి."

"అంటే వాషర్లు."

"వాషర్లే అనుకోండి."

"మరీ బిగిస్తే ఒరుసుకుపోతుంది."

"పోతుంది. అందుకే కాస్త వదులు ఉంచుతాం. రోజూ చుట్టూ శుభ్రం చేసి, ట్యూబును కాస్త తిప్పుతూ ఉండాలి."

అతను తలూపాడు. మనసు ఒప్పుకోకపోయినా పనితనం ఒప్పుకుంది. "అక్క అడిగిందిగా. నేనెవణ్ణి" అని సంతకం పెట్టి, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

అంత భయపడ్డ పని ఒక వంట అయ్యేంత సేపట్లో అయిపోయింది. వదినను బయటికి తెచ్చినప్పుడు మత్తులో ఉంది. దుప్పటి కింద పొట్ట మీద చిన్న కట్టు, అందులోంచి జానెడు సన్నటి ట్యూబు, చివర మూత. మరదలు దాన్ని చూసి, ఇంతేనా అనుకుంది. ఇంత చిన్నదాని కోసమా అన్నాళ్లు.

నర్సు ఇద్దరికీ నేర్పింది. ముందు గోరువెచ్చని నీళ్లు. తర్వాత పెద్ద సిరంజిని పిస్టన్ తీసేసి ట్యూబుకు తగిలించి, పలచటి ఆహారం పోయాలి. ఎత్తుగా పట్టుకుంటే దానంతటదే దిగుతుంది, తొయ్యకూడదు. చివర మళ్లీ నీళ్లు. పోసేటప్పుడూ, పోశాక కాసేపూ మనిషిని కూర్చోబెట్టే ఉంచాలి.

ఇంటికొచ్చాక మొదటి కొన్ని రోజులు మరదలు నర్సు చెప్పిన వరస పైకి వల్లించుకుంటూ పోసేది. తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక ఒక వింత కష్టం వచ్చిపడింది. పెట్టడం అయిపోయాక మధ్యాహ్నమంతా మిగిలిపోయేది. ఆమె కుర్చీలో కూర్చుని, ఏదో చేయాల్సింది మర్చిపోయినట్టు అటూ ఇటూ చూసేది. చూస్తూనే నిద్రలోకి జారుకునేది. నెలల తరబడి పేరుకున్న నిద్ర అది. లేచేసరికి ఒంటి మీద దుప్పటి ఉండేది. వదిన కప్పి వెళ్లిందన్నమాట, గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ.

ఒక ఉదయం ట్యూబు పూడుకుంది. నీళ్లలో కలిపి పోసిన మాత్ర సరిగా నలగలేదు. నీళ్లు పోస్తే సిరంజిలోనే నిలిచిపోయాయి.

"నేను చెప్పానా," అన్నాడు తమ్ముడు. వెంటనే గూట్లోంచి సన్న తీగ తీసుకొచ్చాడు. "ఉండు, దీంతో పొడిస్తే చిటికెలో పోతుంది."

మరదలు ట్యూబుకూ అతనికీ మధ్య నిలబడింది. "అది మీ వీధి పైపు కాదు. అవతల మీ అక్క కడుపుంది. తీగ అక్కడ పెట్టండి."

అతను తీగతోనే నిలబడిపోయాడు. ఆమె గోరువెచ్చని నీళ్లు తీసుకుని, సిరంజితో మెల్లగా కాస్త లోపలికి, కాస్త వెనక్కి, మళ్లీ లోపలికి ఆడించింది. పోలేదు. కాసేపు ఊరుకుని మళ్లీ ఆడించింది. నీళ్లు గుటుక్కున దిగాయి. అప్పటిదాకా కదలకుండా కూర్చున్న వదిన ఫోను తీసింది.

"తీగ నీ ఇంజినీరుకు ఇవ్వు."

తమ్ముడు నవ్వకుండా ఉండలేకపోయాడు. ఈసారి వదిన కూడా భయం లేకుండా, శబ్దం లేకుండా, భుజాలు ఊగేలా నవ్వింది.

తిండి విషయంలో మాత్రం ఇంట్లో ఒక దొంగతనం మొదలైంది. వదినకు కనబడేలా తినడానికి ఇద్దరికీ మనసొప్పేది కాదు. తమ్ముడు వంటగది తలుపు దగ్గరగా వేసుకుని, నిలబడి, గబగబా తినేవాడు. మరదలు పోపు వాసన కూడా ఆవిడ గదిలోకి పోకుండా కిటికీలు తీసేది. ఇది కొన్నాళ్లు నడిచింది. ఒకరోజు వాళ్లిద్దరూ గోడకానుకుని కంచాలు చేత్తో పట్టుకుని తింటుంటే తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. వదిన లోపలికి వచ్చి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయాసం తగ్గాక టైపు చేసింది.

"దొంగల్లా ఏంటిది. కూర్చుని తినండి. నాకు బాధగా ఉండేది తినలేకపోతున్నందుకు కాదు ఒక్కదాన్నే గదిలో కూర్చున్నందుకు."

వాళ్లు కూర్చున్నారు. మొదట ముద్ద దిగలేదు ఇద్దరికీ. వదిన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మళ్లీ టైపు చేసింది.

"ఒరేయ్ నమిలేటప్పుడు అంత చప్పుడు చేస్తావేంరా. చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను."

ఆ రోజు నుంచి ముగ్గురూ బల్ల దగ్గరే. ఒకరికి కంచం, ఒకరికి కంచం, ఒకరికి సిరంజి. చేతుల్లో సత్తువ ఉన్నంతకాలం వదినే దాన్ని తన చేత్తో ఎత్తి పట్టుకుంది.

సత్తువ ఎక్కువ కాలం లేదు. డాక్టర్ చెప్పినట్టే జబ్బు ఆగలేదు. కాస్త ఒళ్లు చేసి, బుగ్గలు నిండిన మాట నిజమే గానీ, ఎండాకాలం వచ్చేసరికి వేళ్లు ఫోను మీద తడబడడం మొదలైంది. మాటలు పొట్టివయ్యాయి. తిట్లు కూడా పొట్టివయ్యాయి. తమ్ముడు పొద్దున షిఫ్టుకు అడిగి మార్పించుకున్నాడు, మధ్యాహ్నం తనే పోస్తానని. అతనికి ఇప్పుడు ట్యూబు పని బాగా వచ్చింది. చుట్టూ శుభ్రం చేసేటప్పుడు, ఎవరూ వినడం లేదనుకుని, అక్కతో పాత ఊసులేవో చెప్పేవాడు.

మరదలు సగం పూటకు షాపులో చేరింది. మొదటి రోజు మిషను దగ్గర కూర్చుంటే కాలు తాళం తప్పింది. అయినా నీలం రంగు కర్టెను ఒకటి పూర్తిగా కుట్టి, అంచు సరిచూసి, మడత పెట్టింది. మొదలుపెట్టిన పని అదే పూట పూర్తవడం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, మడతపెట్టిన దాన్ని మళ్లీ విప్పి ఒకసారి చూసుకుంది.

ఇంటికి వచ్చేసరికి వదిన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన తమ్ముడు కుర్చీలోనే నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. సిరంజి కడిగి, బట్ట మీద బోర్లించి ఉంది. వదిన వేలు పెదవుల మీద పెట్టడానికి ప్రయత్నించింది. అది గడ్డం దాకానే వెళ్లింది. మరదలికి అర్థమైంది.

చప్పుడు చేయకుండా చెప్పులు విప్పింది. వంటగదిలోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకుని, తెచ్చుకుని, వదిన మంచం పక్కన నేల మీద కూర్చుంది. బాగా ఆకలిగా ఉంది. వదిన చూస్తుండగా తినడం మొదలుపెట్టింది.